తోక ఉన్న చుక్క

టూ స్ట్రోక్ ఇంజనులో వాల్వులు ఉండవని నేను చాలా ఏళ్లు నమ్మాను. మాలాంటివాళ్లం దాన్ని నమ్మకం అనం, తెలిసిన సంగతి అంటాం. సిలిండరు గోడకి కన్నాలుంటాయి, పైకీ కిందికీ ఆడే పిస్టనే వాటిని మూస్తుంది, తెరుస్తుంది. ఇక వాల్వులతో పనేముంది? అందుకని మా భిలాయి పక్క మరోదాలో మెకానిక్ షాపు నడిపే మనిషి మా అన్నయ్య మోటారు సైకిలు గురించి చెబుతూ, ఎగ్జాస్ట్ వాల్వు విప్పి శుభ్రం చేసి మళ్లీ ఎక్కించానన్నప్పుడు నాకు వెంటనే అనుమానం వచ్చింది. లేని వస్తువుని శుభ్రం చేశానంటున్నాడే అనుకున్నాను.

ఆ వాల్వు నిజంగానే ఉందని అన్నయ్య చెప్పాడు. అన్ని టూ స్ట్రోక్ బండ్లకీ ఉండదు, ఈ బండికి ఉంది. నా అనుమానం అక్కడితో చావాలి. చావలేదు. ఒక కారణం పోతే ఇంకో కారణం వెతుక్కోవడం అనుమానానికి బాగా తెలుసు.

నేను భిలాయి ఉక్కు ప్లాంటు లాబొరేటరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. కొలిమి దగ్గరివాళ్లు ఉక్కు ముక్క కోసి పంపుతూ ఇందులో ఫలానా పాళ్లలో ఫలానావి ఉన్నాయని చెప్పినా, ఆ మాట వినకుండా పరీక్ష చెయ్యడమే నా ఉద్యోగం. అంతకు ముందు, కుర్రతనంలో, ప్లాంటు క్వార్టర్లుండే సెక్టారులోని తెలుగు సంఘం హాల్లో ఆదివారం చర్చలు వింటూ పెరిగాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి పగలంతా వేడిలో కాలిన మనుషులు సాయంత్రం అక్కడ చేరి గ్రహణాల గురించీ, తద్దినాల గురించీ, వితంతువుల పెళ్లిళ్ల గురించీ గొంతులు పోయేదాకా వాదించుకునేవారు. "ఎవరు చెప్పారని అడక్కండి, వాళ్లకెలా తెలిసిందని అడగండి" అని అందులో ఒక పెద్దాయన మాకు పదే పదే చెప్పేవాడు. ఆ మాట పట్టుకుని వ్యాసాలు రాశాను. తాయెత్తులు కట్టేవాళ్లతో, వాస్తు చెప్పేవాళ్లతో, రక్తం చుక్క చూసి జాతకం చెప్పే ఒక డాక్టరుతో కూడా తగువులాడాను.

అన్నయ్య నాకన్నా పదేళ్లు పెద్ద. రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా జీవితమంతా గడిపి, ఇప్పుడు లీజు మీద ఉంచుకున్న క్వార్టరులో వదినతో ఉంటాడు. నాది పక్క వీధి. తను పూజలు చేస్తాడు, నేను చెయ్యను. దాని మీద మాకు ఏటా నాలుగైదు యుద్ధాలు జరుగుతాయి.

మోటారు సైకిలుని అతను బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నాడు. విశాఖ రేవులో దిగిన జపాన్ బండి. దానిలో పొగ బయటికి పోయే కన్నం పైభాగాన అడ్డంగా ఒక రోలరు ఉంటుంది. బొటనవేలంత లావు, ఒక పక్క చెక్కేసినట్టు లోతుగా ఉంటుంది. అదే ఎగ్జాస్ట్ వాల్వు. బండి నెమ్మదిగా పోతున్నప్పుడు రోలరు కిందికి తిరిగి కన్నాన్ని కాస్త చిన్నది చేస్తుంది. వేగం అందుకున్నాక పైకి తిరిగి, చెక్కిన పక్కని కన్నం కప్పుతో సమానంగా నిలిపి, దారి పూర్తిగా వదిలేస్తుంది. రోలరు కొసకి ఒక చిన్న చక్రం, చక్రానికి రెండు కేబుళ్లు, వాటిని లాగడానికి ఒక చిన్న మోటారు. ఇంతే దాని కథ. కానీ ఆ చక్రం రోలరు మీద సన్నటి పళ్లతో కూర్చుంటుంది. ఏ పన్ను మీదైనా కూర్చుంటుంది. ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పడానికి కంపెనీవాళ్లు చక్రం మీద ఒక గీత, సిలిండరు మీద ఒక గీత గీసి పెట్టారు.

మెకానిక్ ఇంజను కట్టి ఇచ్చిన వారానికి అన్నయ్య, బండి పైవేగంలో ఊపు అందుకోవడం లేదని గొణిగాడు. కొన్నేళ్లుగా అలాగే గొణుగుతున్నాడు, ముసలిదైపోయిందని తనే సర్దుకునేవాడు. నేను సర్దుకోలేదు. ఒకరోజు అతను ఇంట్లో లేనప్పుడు పక్క మూత విప్పి చక్రాన్ని చూశాను. కంపెనీ గీతలు రెండూ కలవలేదు. పైగా చక్రం మీద ఒక చుక్క, రోలరు కొస మీద ఒక చుక్క, మొన ఉన్న ఇనుప పంచ్‌తో కొట్టినవి కనిపించాయి. చుక్కలు రెండూ ఎదురెదురుగా చక్కగా కలిసి ఉన్నాయి.

నా లాబొరేటరీ బుర్ర అక్కడే ముడి వేసింది. గీతలు ఒక మాట చెబుతున్నాయి, చుక్కలు ఇంకో మాట చెబుతున్నాయి. రెండూ ఒకచోట పుట్టినవి కావు. అంటే ఈ వాల్వు వేరే ఇంజనులోంచి వచ్చింది. మనది ఎక్కడికో పోయింది. విప్పిన పాత రబ్బరు రింగులూ, సీళ్లూ అన్నీ కవర్లో కట్టి అన్నయ్యకి తిరిగి అప్పగించాడే ఆ మెకానిక్, అది కూడా ఇప్పుడు నాకు వేరేగా కనిపించింది. పనికిరానివన్నీ అంత జాగ్రత్తగా తిరిగి ఇచ్చినవాడు పనికొచ్చేదాన్ని ఉంచుకోలేదని ఏమిటి నమ్మకం?

ఆ మెకానిక్ గురించి చెప్పాలి. రైల్వేలో పనికి వచ్చి దగ్గరలోని చరోదాలో స్థిరపడిన కుటుంబం అతనిది. ఆదివారం చర్చికి వెళతాడు. నాకన్నా కొంచెం చిన్న. చదువు మానేసిన రోజుల్లో మా అన్నయ్య వరండాలో కూర్చుని, అన్నయ్యకి డ్యూటీ లేని పూట ఆ చేతుల్ని చూసి పని నేర్చుకున్నాడు. ఇప్పటికీ అన్నయ్యని గురూజీ అంటాడు. అతని షాపుకి బోర్డు లేదు. మిల్లులో అన్నయ్యతో పనిచేసి రిటైరైనవాళ్ల పాత స్కూటర్లూ మోపెడ్లే అతని బతుకుతెరువు. గురువు పేరు మీదే వాళ్లు అతని దగ్గరికి పోతారు.

ఆ రిటైరైనవాళ్లే రోజూ పొద్దున్న సెక్టారు మార్కెట్ దగ్గర టీ కొట్టులో కూర్చుంటారు. నేను అక్కడికి వెళ్లి, చర్చావేదిక మీద నిలబడ్డట్టే నిలబడి, గీతల సంగతీ చుక్కల సంగతీ వరసగా చెప్పాను. తర్కంలో ఎక్కడా సందు లేదు.

"అంటే ఆడు వాల్వు మార్చీసినాడంటావా?" అని ఒకాయన అడిగాడు.

నేను అవునని అనలేదు. "నేనేమీ అనడం లేదు. గుర్తులు అలా చెబుతున్నాయి" అన్నాను.

ఇన్నేళ్లు రాసిన మనిషిని, ఆ వాక్యం ఎలాంటిదో నాకు తెలియాలి. దొంగ అన్న మాట నా నోట రాలేదు. వాళ్ల నోట వచ్చేలా చేసి టీ తాగి వచ్చాను.

నెల తిరక్కుండా మరోదా షాపు ముందు స్కూటర్లు నిలబడడం మానేశాయి. ఎవరూ అతనితో తగువు పెట్టుకోలేదు, కారణం చెప్పలేదు. రావడం మానేశారు, అంతే. ఈ సంగతి నాకు వదిన చెప్పింది. మెకానిక్ వచ్చి అన్నయ్యతో మాట్లాడాడట. రాయపూర్‌లో ఏదో షోరూంలో పనికి రమ్మంటున్నారట, సోమవారం లోపల ఒప్పుకోవాలట. షాపు మూసే ముందు ఒకటే అడిగాడట. ఆ ఇంజనుని గురూజీ తన చేత్తో ఒకసారి విప్పి చూడాలి.

"ఆడి మొగం సూడనేకపోనాను బాబూ" అంది వదిన. "నువ్వేటి సూసినావో, ఏటి సెప్పినావో, నాకు తెల్దు. నువ్వు కూడా వచ్చి దగ్గరుండు."

సోమవారానికి ముందు మిగిలిన ఖాళీ రోజు విశ్వకర్మ పూజ. భిలాయిలో పుట్టినవాడికి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. షాపుల్లో యంత్రాలకి దండలు వేస్తారు, పనిముట్లు కడిగి పసుపు కుంకుమ పెడతారు, ఆ రోజు వాటిని ముట్టుకోరు. ఇనుముకి సెలవు దినం అన్నమాట. దాని మీద నేనొక వ్యాసం కూడా రాశాను. మనిషికి ఇవ్వని సెలవు సుత్తికి ఇస్తారేమని. అన్నయ్య దాన్ని చదివి, మడిచి, ఊగుతున్న మంచం కోడు కింద పెట్టాడు.

నేను వెళ్లేసరికి వరండాలో వాన జల్లు పడని మూల పీట మీద అతని పనిముట్లు బారుగా ఉన్నాయి. స్పానర్లు, ఫైళ్లు, సుత్తి, చివర పంచ్. అన్నిటికీ బొట్లు. మోటారు సైకిలు పక్కనే స్టాండు వేసి ఉంది. మెకానిక్ మెట్టు మీద కూర్చున్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు గాని లేవలేదు.

విప్పుదామా అన్నాను. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. పూజ అయిపోయింది, ఇవాళ ముట్టుకోనన్నాడు. సోమవారం లోపల తేలాలి కదా అన్నాను. తేలాలి, కానీ ముట్టుకోనన్నాడు. మెకానిక్ వైపు తిరిగాను. మీకు ఈ పూజతో సంబంధం లేదు కదా, మీరు విప్పండి అన్నాను.

"నాకు పూజ లేదు భయ్యా" అన్నాడు. "కానీ గురూజీ ఔజార్ ముట్టని రోజు నేనూ ఎప్పుడూ ముట్టలేదు. ఇంకోటి, నేను ముడితే మళ్లీ మార్చేశానంటారు."

నేనే విప్పుతానన్నాను. సుపేలా ఆదివారం బజారులో కొన్న స్పానర్ల పెట్టె ఒకటి మా ఇంట్లో ఉంది, సీలు కూడా సరిగ్గా ఊడలేదు. అది తెచ్చాను. ఆ రోజు ఆ వరండాలో నడిచిన పని అది. పని తెలిసిన ఇద్దరు చేతులు ముడుచుకుని కూర్చుని చెబుతుంటే, జన్మలో ఇంజను విప్పని ఒక వ్యాసకర్త విప్పాడు.

పొగ గొట్టం ఊడదీశాను. పక్క మూత తీశాను. కేబుళ్లు వదులు చేశాను. చక్రం బయటికి వచ్చింది. రోలరు ఒకే ముక్క కాదు, రెండు ముక్కలు. ఒకటి కుడి నుంచి, ఒకటి ఎడమ నుంచి సిలిండరులోకి దూరి మధ్యలో కలుస్తాయి. ఒకదానికి నాలుక, రెండోదానికి గాడి. పొడుగాటి బోల్టు ఒకటి రెండింటినీ బిగించి పట్టుకుంటుంది. ఆ బోల్టు నాకు లొంగలేదు.

"అలగ కాదురా, జబ్బతో కాదు, మణికట్టుతో" అన్నాడు అన్నయ్య.

"స్పానర్‌కి బహస్ తెలీదు భయ్యా" అన్నాడు మెకానిక్, వాన వైపు చూస్తూ. "ఎంత వాదించినా అది వినదు."

బోల్టు వచ్చింది. ముక్కలు రెండూ బయటికి తీసి పరీక్షగా చూశాను. నాకు కావలసింది ఈ రెండింటికీ పొత్తు కుదరదన్న సాక్ష్యం. నాలుక గాడిలో పెట్టి చూస్తే వెంట్రుక దూరే సందు లేదు. రెండు ముక్కల మీదా ఒకే రకం అరుగుదల, ఒకే రకం మసి. నా తర్కంలో మొదటి మేకు అక్కడ ఊడింది. అయినా రెండు ముక్కలూ కలిపే మార్చి ఉండవచ్చు కదా అనుకున్నాను. పైకి అనలేదు. మెకానిక్ నా మొహం చూసి అదే చదివి ఉంటాడు.

మసిని కిరసనాయిలులో నానబెట్టి వెదురు పుల్లతో గీకాను. ఇనుముతో గీకితే గీతలు పడతాయని ఇద్దరూ ఒకేసారి చెప్పారు. కొత్త రబ్బరు రింగులు నూనె రాసి తొడిగాను. సీళ్ల పెదవులకి గ్రీజు పట్టించాను. కుడి ముక్క, ఎడమ ముక్క, నాలుక గాడిలోకి, బోల్టు. బిగించాక వేలితో తిప్పి చూడమన్నాడు అన్నయ్య. బరువు లేకుండా తిరగాలి, అలాగని గలగలాడకూడదు. మొదటిసారి పట్టేసింది. ఒక రింగు మడత పడిందన్నాడు మెకానిక్, చూడకుండానే. విప్పి చూస్తే మడత పడింది. రెండోసారి మెత్తగా తిరిగింది. నాకు చెప్పుకోలేనంత సంతోషం కలిగింది, సందర్భం అది కాకపోయినా.

తర్వాత చక్రం. "సుక్కలు కలిపి ఎక్కించు" అన్నాడు అన్నయ్య.

చుక్కలు కలిపి ఎక్కించాను. రోలరుని తెరుచుకునే వైపు, చక్రం ఇక తిరగకుండా ఆగేదాకా తిప్పి, పొగ గొట్టం ఉండే కన్నంలోంచి చూపుడు వేలు లోపలికి పెట్టాను. ఇది వాళ్లు చెప్పిన పని కాదు, నా అలవాటు. కన్నం కప్పు నున్నగా ఉండాలి. నా వేలికి మెట్టు తగిలింది. రోలరు అంచు పెదవిలా కిందికి వేలాడుతోంది. దారి పూర్తిగా తెరుచుకోవడం లేదు.

"ఇదిగో" అన్నాను. "ఈ వాల్వు ఈ ఇంజనుది కాదు. అయితే మెట్టు ఎందుకు తగులుతుంది?"

అన్నయ్య లేచి వచ్చి తన వేలు పెట్టి చూశాడు. పనిముట్టు కాదు కాబట్టి వేలికి అభ్యంతరం లేదు. చాలాసేపు లోపలే ఉంచాడు. తీశాక వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మెకానిక్ అతని మొహం వైపు చూడకుండా, కింద ఉన్న చెప్పుల్ని చూస్తున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

అప్పుడే వదిన ప్రసాదం తెచ్చింది. మిల్లులో పూజ ప్రసాదం బూందీ ఎవరో క్యారేజీలో పోసి పంపారు. ఆ క్యారేజీ ఈ ఇంటిదే, పొద్దున్న పంపినది. ఆమె మోటారు సైకిలు పక్కన, నా ముందే దాన్ని దించి గిన్నెలు ఒక్కొక్కటే విప్పింది. ఖాళీ గిన్నెల్ని తిరిగి పేరుస్తున్నప్పుడు, అలవాటుగా, అంచుల మీది చుక్కల్ని వరసలోకి తెచ్చింది. ఆ ఇంట్లో ప్రతి వస్తువు మీదా అన్నయ్య కొట్టిన చుక్కలుంటాయి. కుర్చీ కాళ్ల మీద, కుళాయి మీద, గొడుగు పిడి మీద. విప్పే ముందు గుర్తు పెట్టు, కలిపేటప్పుడు గుర్తు కలుపు. ఇది ఆ ఫిట్టర్ల మతం. ఆ చుక్కల్ని నేను నలభై ఏళ్లుగా చూస్తున్నాను, అందుకనే ఎప్పుడూ చూడలేదు.

క్యారేజీ గిన్నె మీది చుక్క గుండ్రంగా లేదు. ఒక పక్కకి చిన్న తోక ఉంది, కామా గుర్తులాగ. చక్రం మీది చుక్క చూశాను. దానికీ తోక ఉంది. రోలరు కొస మీది చుక్కకీ ఉంది. అదే పక్కకి, అదే పొడుగు.

"అన్నయ్యా, ఈ చుక్క ఎవరిది?" అన్నాను.

మెకానిక్ తొందరగా లేచి, వదిలెయ్యండి భయ్యా, కేబుళ్లు బిగించెయ్యండి, నేను సోమవారం వెళ్లిపోతున్నాను కదా అన్నాడు. ఆ తొందర నాకు మళ్లీ అనుమానం తెచ్చి ఉండేది, ఇంకో పది నిమిషాల ముందైతే.

అన్నయ్య లేచాడు. పీట దగ్గరికి వెళ్లి, వరసలో చివర ఉన్న పంచ్ తీశాడు. బొట్టుని లుంగీ అంచుతో తుడిచాడు. సుత్తి తీశాడు, దాని బొట్టూ తుడిచాడు. వదిన చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. మా ఇంట్లో విశ్వకర్మ పూజ రోజున పనిముట్టు కదలడం ఆమె కాపురానికి వచ్చాక అదే మొదటిసారి. కిరసనాయిలు డబ్బా మూతని గచ్చు మీద పెట్టి, దాని మీద పంచ్ నిలబెట్టి, ఒక్క దెబ్బ కొట్టాడు. మూత నా చేతికిచ్చాడు.

తోక ఉన్న చుక్క. పంచ్ మొన ఒక పక్క చిట్లి ఉంది. ఎప్పుడు చిట్లిందో అతనికే గుర్తులేదు.

అప్పుడు చెప్పాడు. బండి కొన్న రెండో ఏట మసి తీయడానికి ఇంజను విప్పాడు. విప్పే ముందు, ఉన్నది ఉన్నట్టు చుక్కలు కొట్టాడు. గీతలు కలవలేదని అప్పుడే చూశాడు, కానీ లెక్క చెయ్యలేదు. మిల్లులో ఏ యంత్రం మీదా కంపెనీ గీతలకి విలువ ఉండదు. షాఫ్టులు మారిపోయి ఉంటాయి, బుష్షులు మారిపోయి ఉంటాయి, గీత పుట్టినప్పటి యంత్రమే అది కాదు. కిందటిసారి నడిచినప్పుడు ఎలా ఉందో అదే నిజం, దానికి సాక్షి కిందటిసారి విప్పినవాడి చుక్క. మిల్లులో ఆ పద్ధతి అతన్ని ఎన్నడూ మోసం చెయ్యలేదు. ఇక్కడ మాత్రం, అతనికన్నా ముందు ఆ ఆఫీసరు దగ్గర ఎవరో ఒక పన్ను పక్కకి ఎక్కించి వదిలేశారు. అన్నయ్య ఆ తప్పు చుట్టూ జాగ్రత్తగా రెండు చుక్కలు కొట్టి దాన్ని శాశ్వతం చేశాడు.

"నువ్వు గీత సూణ్ణేదేటిరా?" అని మెకానిక్‌ని అడిగాడు.

"చూశాను గురూజీ."

"మరి?"

"మీ చుక్క ఉంది కదా. దాని మీద నేను గీతని నమ్ముతానా?"

"ఈడు నిన్ను దొంగని సేసీసినప్పుడు అది నా సుక్కని నీకు తెలుసు కదా. సెప్పడానికేటి?"

మెకానిక్ మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు. "చుక్క మీదంటే, తప్పు మీదని చెప్పినట్టే కదా" అన్నాడు. "అందుకే మీరే విప్పి చూడండన్నాను."

ఎవరు చెప్పారని అడక్కు, ఎలా తెలిసిందని అడుగు అన్న మాట నేను జన్మంతా వాడాను. ఆ చుక్క ఎవరిదని ఒక్కసారి మెకానిక్‌ని అడిగి ఉంటే చాలు. అడగకుండా టీ కొట్టుకి నడిచాను. రెండు గుర్తులు కలవకపోతే ఒకటి వేరే చోటి నుంచి వచ్చి ఉండాలన్నాను. ఒకే ఇంజను మీద ఇద్దరు మనుషులు, ఇద్దరూ నిజాయితీపరులే, రెండు వేర్వేరు రోజుల్లో గుర్తులు పెట్టి ఉండవచ్చన్నది నాకు తోచలేదు. దొంగ దొరికాక ఇంకో కారణం వెతకాలనిపించదు. దయ్యం దొరికాక జ్వరానికి కారణం వెతకనివాళ్ల మీద నేను ఎన్ని పేజీలు రాశానో.

చక్రం తీసి ఒక పన్ను జరిపి ఎక్కించాను. కంపెనీ గీతలు కలిశాయి. చక్రం ఆగేదాకా మళ్లీ తిప్పి వేలు పెట్టాను. మెట్టు లేదు. కప్పు ఎక్కడ ఆగి రోలరు ఎక్కడ మొదలైందో వేలికి తెలియలేదు. కేబుళ్లు రెండూ ఒకే బిగువుకి తెచ్చి, మూత వేశాను. స్టార్టు చెయ్యడానికి మాత్రం అన్నయ్య ఒప్పుకోలేదు. ఒక తప్పు చాలు ఇవాళ్టికి, ఇంజను రేపు తిప్పుదామన్నాడు.

వెళ్లిపోతున్న మెకానిక్‌ని గేటు దగ్గర ఆపి, క్షమించమన్నాను. అతను తల ఊపాడు.

"ఇక్కడ నాకెందుకు భయ్యా? అక్కడ అన్నారు, అక్కడ చెప్పండి. కానీ గురూజీ పేరు ఎత్తకండి."

మర్నాడు పొద్దున్న టీ కొట్టుకి వెళ్లాను. నేను పొరపాటు పడ్డాను, వాల్వు మారలేదు, అతను మంచివాడు అని చెప్పాను. మరి గుర్తులు ఎందుకు కలవలేదని అడిగారు. అది వేరే కారణమన్నాను. ఏం కారణమంటే చెప్పలేకపోయాను. నా వాక్యాలు చప్పగా పడుతున్నాయని నాకే తెలుస్తోంది. మొదటి రోజు అంత పదునుగా మాట్లాడినవాడు ఇవాళ నసుగుతున్నాడంటే వాళ్లు ఏమనుకోవాలి?

"ఎవుడి మాటకో మొగమాటపడిపోనావు" అన్నాడు ఒకాయన జాలిగా. "పోన్లే. ఆడూ పిల్లలున్నవాడే." 

నేను నేర్పిన అనుమానమే అది. నాకన్నా బాగా వంటబట్టించుకున్నారు. సాక్ష్యం లేని మాట నమ్మరు, అతను మంచివాడన్న మాటైనా సరే.

మార్కెట్ మలుపులో చప్పుడు వినిపించింది. అందరూ ఆ వైపు తిరిగారు. అన్నయ్య బండేనని తెలుస్తోంది, కానీ పైవేగంలో గొంతు మారింది. కొన్నేళ్లుగా దగ్గుతున్న మనిషి గొంతు సవరించుకుని పాడినట్టుంది. అన్నయ్య వచ్చి, బండి ఆపి, దిగి, పక్క మూత విప్పడం మొదలుపెట్టాడు. మూత పక్కన పెట్టి అందరినీ రమ్మని చెయ్యి ఊపాడు. చక్రం మీద చుక్క ఒక చోట, రోలరు కొస మీద చుక్క ఇంకో చోట, ఒక పన్ను ఎడంగా ఉన్నాయి. గీతలు కలిసి ఉన్నాయి.

"ఈ సుక్క ఎవుడిదో సూసి సెప్పండి" అన్నాడు.

వాళ్లు ఫిట్టర్లు. నాలాగా క్యారేజీ అక్కర్లేదు. ముందు వంగినాయన అరక్షణంలో నిటారైపోయాడు. తర్వాతవాళ్లు వరసగా వంగారు, వరసగా నిటారయ్యారు.

"తప్పు నాది. ఆడు నా సుక్క సూసి కలిపినాడు" అన్నాడు అన్నయ్య. "ఇంక మీ ఇష్టం."

చివరికి నిన్నటిదాకా తన మోపెడ్ ఇంకో షాపుకి తీసుకుపోయినాయన నోరు విప్పాడు.

"అయితే గురూ, నా మోపెడ్ మీద కూడా నీ సుక్కలున్నాయి. అదీ ఓసారి సూసుకోవాలేటి?"

అన్నయ్య నవ్వలేదు. "సూసుకో. ఆడి దగ్గరికే అట్టుకెళ్లు" అన్నాడు.

మెకానిక్ రాయపూర్ వెళ్లలేదు. షాపు ముందు స్కూటర్లు అన్నీ తిరిగి రాలేదు. ఒకరిద్దరు ఇప్పటికీ వేరే చోటికి పోతూనే ఉన్నారు. ఒక మాట ఎంత దూరం వెళ్లిందో దాన్ని వెనక్కి పిలిచే మాట అంత దూరం వెళ్లదు. దానికి జవాబుదారీ నాదే, అన్నయ్యది కాదు. అతను చుక్క కొట్టాడు. నేను ఏ చుక్కా కొట్టకుండా, గుర్తులు అలా చెబుతున్నాయన్నాను. ఎవరన్నారో తెలియకుండా అన్నాను.

పంచ్ మొన సానపట్టించమని ఒకసారి అన్నయ్యతో అన్నాను. వద్దన్నాడు. తోక ఉంటేనే ఎవడు కొట్టినాడో తెలస్తాది అన్నాడు.

నా స్కూటరు కూడా ఇప్పుడు మరోదా షాపుకే వెళుతుంది. పని అయ్యాక మెకానిక్ దాన్ని బయటికి తోసి, చేతులు గుడ్డతో తుడుచుకుని, ప్రతిసారీ ఒకటే అంటాడు.

"వేలు పెట్టి చూసుకోండి భయ్యా."

నేను పెట్టి చూసుకుంటాను. అతను నవ్వడు, నేనూ నవ్వను.